నిలిపి ఉంచిన ట్రాక్టరుకు ఖర్చు లేదా?

వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి. (వ్యవసాయము), వేములవాడ

రైతు సోదరులకు, గ్రామోద్యోగులకు ఒక మనవి. యంత్రము పని చేస్తే అరుగుతుందని మనకందరికీ తెలుసు. కర్రు అరుగుతుంది, టైరు అరుగుతుంది, బేరింగు అరుగుతుంది. అందువలన పని లేని నెలలలో ట్రాక్టరును కొట్టము ప్రక్కన నిలిపినప్పుడు, ఇక నాలుగు నెలలు దీనికి ఖర్చు లేదని అనుకోవడము సహజము. రైతు వేదికలో ఈ మాట ఎత్తినప్పుడల్లా వెనుక వరుసలో నుండి ఎవరో ఒకరు, "సారూ, నడవని బండికి ఏమైతది?" అని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నా అభిప్రాయము ముందే చెప్పుతాను. మన ప్రాంతములో ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, మోటార్లు పనిలో చెడేదాని కంటె నిలిపి ఉంచిన నెలలలోనే ఎక్కువగా చెడుతున్నవి. ఆ చెడు పని మొదలుపెట్టిన రోజున బయటపడుతుంది గనుక, పని వలననే చెడిందని మనము అనుకుంటున్నాము.

వేములవాడ రైతుకు ఎద్దును గురించి చెప్పవలసిన పని లేదు. రాజన్నకు కోడెను కట్టి మొక్కు చెల్లించే క్షేత్రము మనది. ఎడ్లతో సేద్యము సాగిన రోజులలో దున్నకము లేని వేసవిలో కూడా ఎద్దుకు గడ్డి వేసేవారు, నీళ్లు చూపేవారు, నీడన కట్టేవారు. పని లేదు గదా అని ఎద్దును ఎండలో మరిచిపోయిన రైతు ఉండడు. ఎద్దు ఆకలైతే అరుస్తుంది, చిక్కిపోతే కంటికి కనబడుతుంది. ట్రాక్టరు అరవదు, చిక్కదు. పైకి ఎర్రగానో, నీలముగానో మెరుస్తూనే ఉంటుంది. దసరా నాడు బంతిపూల దండ వేసి, చక్రము క్రింద నిమ్మకాయ పెట్టి నడిపిస్తాము. ఆ దండ వాడి ఎండి రాలిపోయే వరకు బండి అక్కడే నిలిచి ఉండడము నేను అనేక ఊళ్లలో చూశాను.

మన మండలములలో ఈ సమస్య ఎందుకు పెరిగినదో కొంచెము ఆలోచించవలెను. 2019లో మధ్య మానేరు, అనగా శ్రీ రాజరాజేశ్వర జలాశయములో నీరు నిలిచిన తరువాత యాసంగిలో కూడా వరి విస్తారముగా సాగవుతున్నది. వరి పెరిగితే యంత్రములు పెరుగుతవి. అయితే వరి పని ఏడాది పొడుగునా ఉండదు. నాట్లకు పొలము దున్నే పని జూన్, జూలైలలో కొన్ని వారములు, మరల డిసెంబరు, జనవరిలలో కొన్ని వారములు ఉంటుంది. కోతలు వానాకాలపు పంటకు అక్టోబరు నడుమ మొదలై డిసెంబరు మొదటికి ముగుస్తవి. యాసంగి పంటకు ఏప్రిలు నుండి మే నడుమ వరకు ఉంటవి. పని కొరకు ఇతర జిల్లాలకు తరలిపోయే మిషన్ల సంగతి వేరు. ఊరిలోనే ఉండే కోత మిషనుకు ఏడాదిలో పని మూడు నెలలకు మించదు. తక్కిన తొమ్మిది నెలలు అది నిలబడి ఉండవలసినదే. లక్షలు పోసి కొన్న వస్తువు పని చేసే కాలము కంటె నిలబడే కాలము మూడింతలైనప్పుడు, నిలబడే కాలములో దాని సంరక్షణ ఎట్లు అనేది చిన్న ప్రశ్న కాదు.

నిలబడిన బండిలో ఏమి జరుగుతుందో చూద్దాము. మొదటి శత్రువు నీరు. మనము పోయలేదు గదా, నీరు ఎక్కడిదని అడుగవచ్చును. డీజిలు ట్యాంకు సగము ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి ఉంటుంది. గాలిలో తేమ ఉంటుంది. పగలు ఇనుము వేడెక్కి, రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ ట్యాంకు గోడలకు చెమటవలె పట్టి క్రిందికి జారుతుంది. డీజిలు కంటె నీరు బరువు గనుక అడుగున చేరుతుంది. వానాకాలములో ఇది ప్రతి రాత్రి జరుగుతుంది. నెలలు గడిచేసరికి అడుగున నీరు, ఆ నీరు డీజిలుతో కలిసే చోట పాకుడువంటి జిగురు, ట్యాంకు గోడకు తుప్పు ఏర్పడుతవి. ఈ నీరు డీజిలు పంపు వరకు పోయినదంటే నష్టము పెద్దది. పంపులో ఆడే ముక్కల నడుమ సందు కొద్ది మైక్రానులు మాత్రమే ఉంటుంది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తల వెంట్రుక మందము దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. అంత సన్నని సందులో తుప్పు పొర పడితే పంపు బిగుసుకుపోతుంది, నాజిలు మూసుకుపోతుంది. నాట్లు పడే వారములో నాజిళ్లు, పంపు విప్పి పట్టుకొని పట్టణములో మేస్త్రీ వద్ద వరుసలో కూర్చున్న రైతులను మీరూ చూసే ఉంటారు.

దీనికి మందు చాల తేలిక. బండిని నిలిపే రోజున ట్యాంకును మూతి వరకు డీజిలుతో నింపవలెను. ఖాళీ లేకుంటే గాలి లేదు, గాలి లేకుంటే చెమట లేదు. చాల మంది దీనికి విరుద్ధముగా చేస్తున్నారు. ఎవరైనా తీసుకుపోతారన్న భయముతో నిలిపే ముందు డీజిలు తీసివేస్తారు. ఆ భయము అర్థము చేసుకోదగినదే. అయితే ట్యాంకు మూతకు తాళము వేసుకొనడము పంపు మార్చుకొనడము కంటె చౌక. మరల బండి తీసే ముందు ఫిల్టరు క్రింది గిన్నెను విప్పి అడుగున చేరిన నీటిని వదలవలెను.

నీరు పుట్టే రెండవ చోటు ఇంజను లోపలనే ఉన్నది. ఒక లీటరు డీజిలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపములో పుట్టుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజము. ఇంజను బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఆ ఆవిరి పొగ గొట్టము గుండా బయటకు పోతుంది. ఇంజను చల్లగా ఉంటే కొంత లోపలనే నీరుగా మారి నూనెలో కలుస్తుంది, సిలిండరు గోడలకు పట్టుతుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయము చెప్పవలసియున్నది. ఊళ్లలో తెలిసినవారు అనిపించుకొన్న వారు కూడా, "వారానికి ఒకసారి స్టార్టు చేసి రెండు నిమిషాలు ఉంచితే బండి బాగుంటుంది" అని సలహా ఇస్తుంటారు. ఈ అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. రెండు నిమిషములలో ఇంజను వేడెక్కదు. నీరు పుట్టుతుంది గాని బయటకు పోదు. సెల్ఫ్ కొట్టినందుకు బ్యాటరీ నుండి పోయిన శక్తి తిరిగి చేరదు. వారము వారము ఇట్లు చేసిన బండి, ముట్టకుండ నిలిపిన బండి కంటె ముందే చెడుతుంది. నడిపితే సరిగా నడపవలెను. నెలకు ఒకసారి బయటకు తీసి, నాగలియో, ట్రాలీయో తగిలించి, వేడి ముల్లు తన స్థానమునకు వచ్చిన తరువాత అరగంట పని చేయించవలెను. అంత తీరిక లేదా, సరిగా పడుకోబెట్టి వదలివేయవలెను. నడుమ దారి వద్దు.

పడుకోబెట్టడము అన్నప్పుడు ఇంజను నూనె సంగతి మొదట వస్తుంది. రైతులు సాధారణముగా పని మొదలుపెట్టే ముందు నూనె మార్చుతారు. కొత్త నూనెతో పనిలోకి దిగవలెనని వారి ఉద్దేశము. నిలిపే ముందు మార్చడమే సరియైన పద్ధతి. పని చేసిన నూనెలో మసి, నీరు, కాలుటలో పుట్టిన ఆమ్లములు ఉంటవి. ఆ నూనెను నాలుగు నెలలు లోపల ఉంచితే, ఆ నాలుగు నెలలు బేరింగులు ఆమ్లములో నానినట్లే. ఇంజను వేడిగా ఉన్నప్పుడే పాత నూనె దించి, కొత్త నూనె, కొత్త ఫిల్టరు వేసి, పది నిమిషములు నడిపి ఆపితే లోపలి ముక్కలన్నిటికి శుభ్రమైన నూనె పూత పడుతుంది. ఖర్చు అదే. తేదీ మాత్రమే మారుతుంది.

తుప్పు విషయములో మనము చదువుకొన్నవారమనీ, పెద్ద యంత్రములనీ తేడా లేదు. కరోనా కాలములో ప్రపంచమంతటా విమానములు నెలల తరబడి నేల మీద నిలిచిపోయినవి. 2020 జూలైలో అమెరికా విమానయాన శాఖ ఒక అత్యవసర ఉత్తరువు జారీ చేసినది. బోయింగు 737 రకములలో కొన్నిటిని 7 రోజులు, అంతకు మించి నిలిపి ఉంచినప్పుడు ఇంజనులోని ఒక గాలి కవాటము తుప్పు పట్టి బిగుసుకుపోతున్నదని, తిరిగి ఎగురవేయక ముందే దానిని పరీక్షించవలెనని దాని సారాంశము. కోట్ల రూపాయల విమానమునకు ఏడు దినములే హద్దు అయినప్పుడు, వేపచెట్టు క్రింద ఆరు నెలలు నిలిపిన మన ట్రాక్టరును గురించి వేరుగా చెప్పనేల!

బ్యాటరీ సంగతి అందరికీ అనుభవములో ఉన్నదే గనుక క్లుప్తముగా చెప్పుతాను. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను తరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ తరుగుదల సుమారు రెట్టింపు అవుతుంది. మన ప్రాంతములో వేసవి వేడి 44 డిగ్రీలు తాకుతుంది గనుక ఏప్రిలు, మే నెలలు బ్యాటరీకి గడ్డు కాలము. ఛార్జి తగ్గిన బ్యాటరీ ప్లేట్ల మీద గట్టి తెల్లని పొర ఏర్పడుతుంది. అది ముదిరిన తరువాత ఎంత ఛార్జి పెట్టినా పట్టదు. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12.4 కంటె తగ్గితే ఛార్జి పెట్టవలెను. బండిని నిలిపే రోజున ముందు నెగెటివు తీగ, తరువాత పాజిటివు తీగ విప్పి, బ్యాటరీని ఇంటిలోనికి తెచ్చి నీడన ఒక చెక్క మీద ఉంచుకోవలెను. నెలకు ఒకసారి ఛార్జి పెట్టించి, తగ్గిన మేరకు డిస్టిల్డు వాటరు పోయవలెను. బోరు నీళ్లు పోయరాదు.

బోరు నీళ్లు అంటే గుర్తుకు వచ్చినది. రేడియేటరులో కూడ చాల మంది అవే పోస్తున్నారు. మన బోర్ల నీటిలో లవణములు ఎక్కువ. చేదబావి బిందెలో తెల్లగా పొర కట్టడము చూస్తున్నారు గదా, ఆ పొరే ఇంజను చుట్టూ నీళ్లు తిరిగే దారులలోను కట్టుతుంది. తుప్పును ఆపే కూలెంటు ద్రవమును కంపెనీ చెప్పిన పాళ్లలో కలిపి ఉంచితే నిలబడిన కాలములో కూడా లోపల తుప్పు పట్టదు. మన దగ్గర నీళ్లు గడ్డ కట్టవు గదా, కూలెంటు ఎందుకని కొందరు అంటారు. కూలెంటు చలికి మాత్రమే కాదు, తుప్పుకు కూడ.

క్లచ్చి ప్లేటు విషయములో జరిగిన ఒక ఉదంతము చెప్పుతాను. మూలవాగు ఒడ్డున ఒక గ్రామములో ఒక పెద్దరైతు ట్రాక్టరు యాసంగి నాట్ల తరువాత నిలిచిపోయినది. కొడుకు పని మీద గల్ఫుకు పోయినాడు, ఇంటి వద్ద నడిపేవారు లేరు. వానాకాలము మొదలైన తరువాత నారు ఇరవై రోజుల వయసు వచ్చినప్పుడు బండి తీసినారు. ఇంజను స్టార్టు అయినది గాని గేరు పడలేదు. క్లచ్చి ఎంత త్రొక్కినా గేరు గరగరమని అరిచినది. వానకాలపు తేమకు ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అంటుకొనిపోయినది. బండిని నడుమకు విడగొట్టవలసి వచ్చినది. నాట్ల కాలములో మేస్త్రీ దొరకడానికి నాలుగు రోజులు, పనికి రెండు రోజులు, సామాను రావడానికి మరి మూడు రోజులు పట్టినది. ఈలోగా నారు ముదిరినది. కిరాయి ట్రాక్టరు కొరకు తిరిగితే అందరి పొలములలో ఒకేసారి పని. ఆ ఏడు ఆయన నాటినది కణుపు కట్టిన నారు, దుబ్బులు పలుచన. మరమ్మతు బిల్లు ఆయనకు బాగా గుర్తున్నది గాని, దిగుబడిలో పోయిన బస్తాలను ఎవరూ ఆ బిల్లులో కలుపలేదు. నిలిపే రోజున క్లచ్చి పెడలును క్రిందికి త్రొక్కి, లేవకుండా ఒక చెక్క అడ్డము పెట్టి ఉంటే ఇదంతా తప్పేది. కొన్ని బండ్లకు ఇందు కొరకే ఒక కొక్కెము కంపెనీ వారే పెట్టి ఇస్తున్నారు. అది ఎందుకున్నదో తెలిసిన డ్రైవర్లు తక్కువ.

బ్రేకుల మాట ఇంతకంటె ముఖ్యము, ఎందుకనగా ఇక్కడ పోయేది డబ్బు మాత్రమే కాదు. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రములకు వేరు వేరు బ్రేకులు ఉంటవి. నిలబడిన బండిలో ఒకటి తుప్పు పట్టి, మరియొకటి బాగుండవచ్చును. రెండు పెడళ్లను కలిపి త్రొక్కినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగుతుంది. వెనుక బరువు ట్రాలీ ఉంటే తిరగబడుతుంది. యాసంగి నాట్లు అయిన తరువాత నెల, నెలన్నర నిలిపిన ట్రాక్టరును శివరాత్రి జాతరకు ఒక్కసారి బయటకు తీసి, ట్రాలీ నిండా ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని వేములవాడకు బయలుదేరే అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నది. ట్రాలీలో మనుషులను ఎక్కించడము చట్టవిరుద్ధము. చట్టము సంగతి అట్లుంచినా, నెలల తరువాత తీసిన బండి బ్రేకు మీద పిల్లల ప్రాణములు పెట్టడము ఏ దేవుని మొక్కులోను లేదు.

టైర్లకు ఎండ శత్రువు, ఒకే చోట మోసే బరువు శత్రువు. వెనుక భాగమును దిమ్మెల మీదికి ఎత్తితే మంచిది. అది కుదరకపోతే గాలి పూర్తిగా నింపి, పదిహేను రోజులకు ఒకసారి చక్రమును పావు వంతు తిరిగేటట్లు ముందుకు నెట్టించవలెను. నాగలి, రోటవేటరు వంటి పనిముట్లను గాలిలో ఎత్తి ఉంచక నేలకు దించవలెను. పొగ గొట్టము మీద ఒక రేకు డబ్బా బోర్లించవలెను. ఇది మన రైతులు ఎప్పటినుండో చేస్తున్నదే, చాల మంచి పద్ధతి. లేకుంటే వాన నీరు నేరుగా సిలిండరులోనికి దిగుతుంది. తాటాకుల పాకైనా సరే నీడ ఉండవలెను గాని, బండిని ప్లాస్టిక్ పరదాతో నేల దాకా బిగించి కట్టరాదు. లోపలి తేమ బయటకు పోక తుప్పు ఇంకా త్వరగా పట్టుతుంది.

ఎలుకలను మరువరాదు. వరిగడ్డి వాము ప్రక్కన బండిని నిలుపుట ఎలుకకు ఇల్లు, భోజనము ఒకే చోట ఏర్పాటు చేసినట్లే. అవి గాలి ఫిల్టరులో గూడు కట్టుతవి, కరెంటు తీగల మీది తొడుగు కొరుకుతవి. వరికోత మిషనుకు ఈ బాధ మరీ ఎక్కువ. కోతలు ముగిసిన రోజున యజమానికి అలసట, డ్రైవరుకు ఊరికి పోయే తొందర. మిషనును అట్లే ఒడ్డు మీద వదలిపోతారు. డ్రమ్ములో, జల్లెడలలో, గింజ ఎత్తే పెట్టెలో గుప్పెళ్లకొద్ది వడ్లు, తాలు, గడ్డి మిగిలి ఉంటవి. ఆ గడ్డి తేమను పట్టి ఇనుమును తింటుంది. వడ్లు మొలకెత్తి ఎండిపోయిన మిషన్లను నేను చూశాను. ఆ మిగులును ఊడ్చి, కడిగి, ఎండబెట్టి, బెల్టులు వదులు చేసి, గొలుసులకు నూనె పట్టించి, కోత కత్తులకు గ్రీజు పూయడము ఇద్దరికి ఒక రోజు పని. ఆ పని చేయని మిషను మరల కోతలలో రెండవ నాడో మూడవ నాడో పొలము నడుమ ఆగిపోతుంది. పండిన వరి నిలబడి ఉన్నది, ఆకాశము మబ్బు పట్టినది. అప్పుడు నష్టపోయేది మిషను యజమాని ఒక్కడే కాదు. ఆ వరుసలో ఎదురుచూస్తున్న పది మంది రైతులు నష్టపోతారు. ఎండిన గడ్డి ఇంజను చుట్టూ మిగిలితే నిప్పు అంటుకొనే ప్రమాదము కూడా ఉన్నది.

2018 జనవరి నుండి సేద్యమునకు ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు రావడముతో బావుల వద్ద పాత ఆయిలింజన్లు మూలపడినవి. వాటిని పూర్తిగా విడిచినవారు అమ్మివేయడము మేలు. అవసరానికి ఉంటుందని ఉంచుకొన్నవారు మాత్రము పైన చెప్పిన నూనె, డీజిలు జాగ్రత్తలు పాటించవలెను. లేనిచో అవసరము వచ్చిన నాడు అది తిరుగదు. నేల మీది మోనోబ్లాకు మోటారును నెలల తరువాత స్విచ్చి వేయక ముందు షాఫ్టును చేతితో తిప్పి చూడవలెను. తిరగని మోటారుకు కరెంటు ఇచ్చితే చుట్ట కాలుతుంది. పెట్రోలుతో నడిచే స్ప్రేయర్లు, కలుపు మిషన్లలో మిగిలిన పెట్రోలును తీసివేసి, ఆగిపోయే వరకు నడిపి అప్పుడు పెట్టెలో పెట్టవలెను. ఇది ఇప్పుడు పూర్వము కంటె ముఖ్యము. ఈనాడు మన పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, కార్బురేటరులోని రబ్బరును, చిన్న రంధ్రములను చెరుపుతుంది.

గ్రామోద్యోగులకు ఇప్పుడు ఒక మాట. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద రాష్ట్రములోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూరినవి. చెత్త తీయడానికి, మొక్కలకు నీళ్లు పోయడానికి ఇవి ఎంతో ఉపయోగపడినవి. ఇప్పుడు ఆ బండ్లకు ఐదారేండ్ల వయసు వచ్చినది. డీజిలుకు డబ్బు లేకనో, డ్రైవరు లేకనో, బిల్లు రాకనో కొన్ని నెలలు బండి నిలిచిన గ్రామములు ఉన్నవి. 2024 ఫిబ్రవరి నుండి 2025 డిసెంబరు ఎన్నికల వరకు సర్పంచులు లేక ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడిపిన సంగతి కూడ మీకు తెలుసు. ఎవరి తప్పు అనేది నేను విచారించబోవడము లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. డబ్బు లేక బండిని నడపలేకపోవడము వేరు, బండిని చూడకపోవడము వేరు. ట్యాంకరులో నీళ్లు వదలి మూత తెరిచి ఆరబెట్టడానికి నిధులు అక్కరలేదు. తడి చెత్త మోసిన ట్రాలీని కడిగి నిలపడానికి ఉత్తరువు అక్కరలేదు. బ్యాటరీ తీగ విప్పడానికి ఒక పానా చాలును.

పంచాయతీ ట్రాక్టరుకు రిజిస్టరు ఉంటుంది. అందులో నడిచిన దినములు వ్రాస్తున్నారు, నడవని దినములు వ్రాయడము లేదు. నా సూచన ఏమనగా, ప్రతి నెల మొదటి తేదీన నాలుగు అంకెలు వ్రాయవలెను: గంటల మీటరు, బ్యాటరీ వోల్టులు, టైర్లలో గాలి, ట్యాంకులో డీజిలు. బండి కదలకపోయినా వ్రాయవలెను. ఆ పుట క్రింద బండి బాధ్యత ఎవరిదో ఒక్క మనిషి పేరు ఉండవలెను. పది మంది బండి అంటే ఎవరి బండీ కాదు గదా. నిలిపిన బండి గనుక ఇన్సూరెన్సు ఎందుకని గడువు దాటనిచ్చి, తరువాత ఒక రోజు అత్యవసరముగా రోడ్డు మీదికి తీసుకుపోవడము కూడ జరుగుతున్నది. ఆ గడువు తేదీని కూడ అదే పుట మీద వ్రాసుకోవలెను.

ఇంత శ్రద్ధ పెట్టలేమని అనేవారికి ఒక ప్రశ్న వేస్తాను. మీకు సొంత ట్రాక్టరు నిజముగా అవసరమా? ట్రాక్టరు ఏడాదికి సుమారు 1000 గంటలు పని చేస్తేనే దాని వెల గిట్టుబాటు అవుతుందని యంత్రముల లెక్కలలో సాధారణముగా చూపుతారు. పది ఎకరముల వరి రైతు తన పొలములో మాత్రమే నడిపితే రెండు పంటలకు కలిపి 150 గంటలు దాటడము కష్టము. తక్కిన కాలమంతా అప్పు మీద వడ్డీ నడుస్తుంది, బండి మాత్రము నిలబడుతుంది. ఊరిలో ఒకరి బండి చూసి మరియొకరు కొన్నందున, నాలుగు బండ్ల పనికి పన్నెండు బండ్లు ఉన్న గ్రామములు ఉన్నవి. నిలిపిన కాలపు జబ్బులకు అన్నిటికంటె మంచి మందు పని. అన్నదమ్ములో, ప్రక్క పొలముల వారో నలుగురు కలిసి ఒక బండి కొని నడపడము, లేదా సహకార సంఘముల, మహిళా సంఘముల కిరాయి కేంద్రముల నుండి తెచ్చుకొనడము తక్కువతనమేమీ కాదు. ఆ కేంద్రములలో కూడ యంత్రము ఊరకే నిలబడితే ఇవే జబ్బులు వస్తవని నిర్వాహకులు గమనించవలెను.

మా శాఖ విషయములో కూడ నా అభిప్రాయము దాచుకోను. యంత్రము కొనడానికి సబ్సిడీ ఉన్నది. కొన్న యంత్రమును కాపాడుకొనే విద్య నేర్పడానికి మనము పెట్టే శ్రద్ధ అంతగా లేదు. 1947లో భారత ప్రభుత్వము కేంద్ర ట్రాక్టరు సంస్థను స్థాపించినప్పుడు, యుద్ధములో అమెరికా సైన్యము వదలిపోయిన ట్రాక్టర్లను బాగుచేసి, మధ్య భారతములో రెల్లు గడ్డి పట్టిన భూములను దున్నించినారు. నిలబడి ఉన్న యంత్రములను తిరిగి నడిపించే పనితోనే మన దేశములో ప్రభుత్వపు ట్రాక్టరు సేద్యము మొదలైనదన్న మాట. 1955లో బుద్నీలో ట్రాక్టరు శిక్షణ కేంద్రము వెలసినది. దక్షిణాది వారి కొరకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో అట్టి సంస్థ ఉన్నది. అంత దూరము పోలేని మన డ్రైవర్ల కొరకు ఏటా రెండు మార్లు, మే నడుమ ఒకసారి, డిసెంబరులో ఒకసారి, ప్రతి రైతు వేదిక వద్ద ఒక మేస్త్రీని పిలిపించి, ఒక బండిని అందరి ఎదుట పడుకోబెట్టి చూపించడము జరుగవలెను. విత్తన శుద్ధి చేసి చూపుతున్నాము గదా, ఇది కూడ అటువంటిదే.

ఇప్పటికే నెలల తరబడి నిలిచిన బండి మీ ఇంటి వద్ద ఉంటే, మృగశిర కార్తె వరకు ఆగక రోహిణిలోనే తీయండి. అప్పుడు మేస్త్రీలకు తీరిక ఉంటుంది, సామాను దొరుకుతుంది. తాళము చేత పట్టుకొని నేరుగా సెల్ఫ్ కొట్టరాదు. మొదట గాలి ఫిల్టరు విప్పి గూడు ఉన్నదేమో చూడవలెను. తీగలను చేతితో తడిమి కొరుకుడు ఉన్నదేమో చూడవలెను. నూనె, రేడియేటరు నీళ్లు చూసి, డీజిలు గిన్నెలోని నీరు వదలి, పైపులలో ఎయిరు తీయవలెను. తరువాత ఇంజను ఆపే నాబును లాగి పట్టుకొని, డీజిలు అందకుండా పది సెకండ్ల చొప్పున రెండు మూడు మార్లు సెల్ఫ్ తిప్పవలెను. అప్పుడు ఎండిన బేరింగులకు నూనె చేరుతుంది. ఆ తరువాత నాబు వదలి స్టార్టు చేసి, రేజు పెంచక తక్కువ వేగము మీద ఐదు నిమిషములు ఉంచి, నూనె దీపము ఆరిపోయినదా లేదా చూడవలెను. ఆరకపోతే వెంటనే ఆపి మేస్త్రీని పిలువవలెను. ఆరితే, ట్రాలీ తగిలించక ముందు, మనుషులు లేని చోట ఖాళీ బండిని మెల్లగా నడిపి రెండు బ్రేకులు సమానముగా పడుతున్నవా అని పరీక్షించవలెను.